మెదడు రసాయనాలను బట్టీ పట్టకుండా అర్థం చేసుకోవడం ఎలా

డోపమైన్ అంటే ఆనందం, సెరటోనిన్ అంటే ప్రశాంతత అని నోట్సులో రాసుకున్నారా? ముందు ఆ పేజీ పక్కన పెట్టండి. దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రాలు నర్సింగ్, ఫార్మసీ పిల్లలకి పాఠాలు చెబుతుంటాను, ఎంత చురుకైనవాళ్లయినా తడబడేది ఇక్కడే. ఒక్కో రసాయనానికి ఒక్కో భావాన్ని ముడేసుకుంటే, వాంతులు తగ్గడానికి ఇంజెక్షన్ చేయించుకున్న మనిషికి మెడ ఎందుకు వంకరపోయిందో ఎన్నాళ్లు చదివినా తెలియదు.

ఒక తెల్లకాగితం మీద పక్కనుంచి కనిపించే తల గీయండి. పైన ముడతల మెదడు, కింద వెన్నుపాములోకి దిగే బ్రెయిన్‌స్టెమ్, మధ్యలో హైపోథాలమస్, అంతే, బొమ్మ అందంగా రానక్కర్లేదు. ఇక ప్రతి రసాయనం గురించీ నాలుగు ప్రశ్నలు వేసుకోండి: ఏ కణాల్లో తయారవుతోంది, ఆ కణాల తీగలు ఎక్కడిదాకా వెళ్తున్నాయి, అక్కడ ఏ రిసెప్టర్‌కి (అవతలి కణం మీద దాన్ని అందుకునే చోటు) అతుక్కుంటోంది, పనయ్యాక ఎలా పోతోంది. రెండు కణాల మధ్య సందు సుమారు 20 నానోమీటర్లే, చాలా మందులు పనిచేసేది ఆ సందు దగ్గరే.

మొదట గ్లుటమేట్, గాబా. డోపమైన్‌ని వదిలి వీటితో ఎందుకు మొదలుపెట్టాలంటే మెదడులో రోజువారీ పని చాలావరకు నడిపేది ఈ రెండే. గ్లుటమేట్ అవతలి కణాన్ని రేపుతుంది, గాబా అణుస్తుంది, పైగా గాబా తయారయ్యేది గ్లుటమేట్ నుంచే, ఆ మార్పుకి బి6 విటమిన్ కావాలి. ఇవి అన్నిచోట్లా ఉంటాయి కాబట్టి కాగితమంతా చుక్కలు పెట్టేయండి. టెన్షన్‌కి వాడే అల్‌ప్రజోలామ్ గాబా పనిని పెంచుతుంది. నెలల తరబడి వేసుకుని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు, డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగానే తగ్గించాలి, ఈ మాట మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి.

డోపమైన్‌కి వచ్చేసరికి రంగు పెన్ను తీయండి. మన మెట్రోలో మియాపూర్ – ఎల్బీనగర్ లైను వేరు, నాగోల్ – రాయదుర్గం లైను వేరు కదా, డోపమైన్‌కీ ముఖ్యంగా అలాంటి లైన్లు మూడున్నాయి. సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లటి చోటు నుంచి మెదడు లోపలి స్ట్రయాటమ్ అనే భాగానికి వెళ్లేది కదలికలది, ఆ కణాలు చనిపోతూ వస్తే వచ్చేదే పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు. దాని పక్కనున్న వీటీఏ అనే కణాల గుంపు నుంచి వెళ్లేది ఏదైనా కావాలనిపించడానికీ, అనుభవం నుంచి నేర్చుకోవడానికీ. హైపోథాలమస్ నుంచి దాని కిందనున్న పిట్యూటరీ గ్రంథికి వెళ్లే చిన్న లైను పాలు పట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్‌ని అదుపులో పెడుతుంది. రసాయనం ఒకటే, దిగిన చోటుని బట్టి పని మారింది.

ఇప్పుడు మెడ సంగతి. మా పిన్ని కూతురికి వాంతులైతే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ చేశారు, కొన్ని గంటలకి మెడ ఒక పక్కకి తిరిగి బిగుసుకుపోయింది, ఇంట్లోవాళ్లు గాలి సోకిందని భయపడిపోయారు. వాంతిని పుట్టించే చోట డోపమైన్ రిసెప్టర్లని ఆ మందు మూసేస్తుంది, మంచిదే, కానీ స్ట్రయాటమ్‌లోనూ మూసేస్తుంది, కొందరిలో, ముఖ్యంగా వయసు పిల్లల్లో, కండరాలు అలా పట్టేస్తాయి. విరుగుడు ఇంజెక్షన్ చేయగానే సర్దుకుంది. మరి డోంపెరిడోన్ కూడా అదే రిసెప్టర్‌ని మూస్తుంది కదా, దానితో ఇలా ఎందుకు అరుదు? రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న గోడని అది అంతగా దాటలేదు, వాంతి పుట్టించే చోటు ఆ గోడకి బయట ఉంది. ఇది అర్థమైతే సగం సబ్జెక్టు వచ్చేసినట్టే.

అదే గోడ డోపమైన్‌నీ దాటనివ్వదు, అందుకే పార్కిన్సన్స్‌కి లీవోడోపా ఇస్తారు, అది లోపలికి వెళ్లి డోపమైన్‌గా మారుతుంది. మన పొలం గట్ల మీద దురదపెట్టే దూలగొండి ఉంది చూడండి, దాని గింజల్లోనూ లీవోడోపా ఉంది (సొంత వైద్యానికి వాడకండి, మోతాదు అదుపులో ఉండదు). 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్, సర్పగంధ వేరులో దొరికే రిసర్పిన్‌తో కుందేళ్లని కదలకుండా చేసి, లీవోడోపా ఇచ్చి మళ్లీ లేపాడు. 2000లో నోబెల్ అందుకున్నవాళ్లలో ఆయన ఒకరు.

నార్‌అడ్రినలిన్‌కి బ్రెయిన్‌స్టెమ్‌లో ఒక చిన్న నీలి చుక్క పెట్టి, అక్కడి నుంచి మెదడంతా గీతలు లాగండి: మెలకువ, అప్రమత్తత. సెరటోనిన్‌కి బ్రెయిన్‌స్టెమ్ నడిమి గీత, రాఫే కణాలు. ఒంట్లోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం ఉండేది మాత్రం పేగుల్లో. డిప్రెషన్‌కి వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు విడుదలైన సెరటోనిన్‌ని కణం వెనక్కి లాక్కోకుండా ఆపుతాయి. ఆ ఆపడం మొదటి రోజే మొదలైనా మనసు తేలికపడటానికి వారాలు పడుతుంది, కాబట్టి సెరటోనిన్ తగ్గింది, మాత్రతో నింపాం అన్నంత సులువైన లెక్క కాదు.

ఎసిటైల్‌కోలిన్‌కి నాలుగో ప్రశ్నే (పనయ్యాక ఎలా పోతోంది) ప్రాణం. దాన్ని సందులోనే ఒక ఎంజైమ్ ముక్కలు చేస్తుంది. పత్తి చేలల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఆ ఎంజైమ్‌ని ఆపేస్తే చొంగ, చెమట, కుంచించుకుపోయిన కంటిపాపలు, ఊపిరాడకపోవడం, అన్నీ ఒక్కసారి వస్తాయి. అట్రోపిన్ ఒక రకం రిసెప్టర్లని మూసి వాటిలో చాలావాటిని ఆపుతుంది, కండరాల నీరసాన్ని మాత్రం ఆపలేదు, ఎందుకంటే అక్కడి రిసెప్టర్ వేరు.

హిస్టమిన్ హైపోథాలమస్ నుంచి మనల్ని మేల్కొలిపి ఉంచుతుంది, హిస్టమిన్ రిసెప్టర్లని మూసే జలుబు మాత్రతో నిద్ర ఎందుకొస్తుందో మీరే గీసి చూడండి.

తర్వాత ఇరానీ చాయ్ మీద ఇదే ప్రయత్నించండి. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ పేరుకుని నిద్ర తెస్తుంది, కెఫీన్ దాని రిసెప్టర్ల మీద కూర్చుంటుంది కానీ వాటిని పని చేయించదు. సగం కెఫీన్ పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది, అంటే సాయంత్రం ఆరింటికి తాగిన చాయ్‌లోని కెఫీన్‌లో సగం రాత్రి పదకొండుకి ఇంకా ఒంట్లోనే ఉంటుంది.