ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో డేటా కళ్ల ముందే ఉన్నా క్వెరీకి దొరకట్లేదా?

ఎక్స్‌ఎంఎల్‌స్టార్లెట్ ఎంఐటీ లైసెన్సుతో ఉచితంగా దొరికే కమాండ్‌లైన్ టూల్. ఎక్స్‌ఎంఎల్ ఫైలును (డేటాను ట్యాగులనే పేర్ల మధ్య పెట్టి రాసినది) వరసగా పేర్చిన లైన్లలా కాకుండా కొమ్మలున్న చెట్టులా చదివి, మనం అడిగిన కొమ్మను తెచ్చివ్వడం దాని పని. అడగడానికి వాడే భాష ఎక్స్‌పాత్.

సమస్య: గ్రెప్‌తో వెతికితే కొన్ని ఎంట్రీలు తప్పిపోతున్నాయి

గ్రెప్ అంటే ఫైల్లో అక్షరాలను లైను లైనుగా వెతికే కమాండ్. దానికి లైన్లే తెలుసు, ట్యాగులు తెలియవు. పుస్తకం ట్యాగ్ ఒక లైన్లో మొదలై, దాని సంవత్సరం అట్రిబ్యూట్ (ట్యాగ్ లోపలే రాసే వివరం) కింది లైన్లోకి జారిందంటే చేతికి దొరకదు. కామెంట్లో పెట్టి పక్కన పడేసిన పాత ఎంట్రీ మాత్రం దొరుకుతుంది! దాని బదులు, 2000 తర్వాతి పుస్తకాలన్నీ ఇమ్మని ఇలా అడగండి:

'//పుస్తకం[@సంవత్సరం>2000]'

ఆ సింగిల్ కోట్స్ మర్చిపోవద్దు. అవి లేకపోతే బాష్ (మనం కమాండ్లు టైప్ చేసే షెల్) ఆ > గుర్తును రీడైరెక్ట్ (ఫలితాన్ని ఫైల్లోకి మళ్లించు) అనుకుని, "2000]" అనే పేరుతో ఓ ఫైలు సృష్టిస్తుంది. ట్యాగ్ పేర్లు తెలుగులో ఉన్నాయని సందేహించకండి. 1998లో వచ్చిన ఎక్స్‌ఎంఎల్ 1.0 నుంచీ ఇవి చెల్లుతాయి.

సమస్య: ట్యాగ్ కనిపిస్తోంది, ఫలితం మాత్రం ఖాళీ

అందరినీ ఎక్కువగా ఏడిపించేది ఇదే. నేనూ మొదట్లో స్పెల్లింగ్ తప్పేమోనని ఒక పూటంతా అక్షరం అక్షరం పోల్చి చూశాను. తప్పు స్పెల్లింగ్‌లో లేదు, నేమ్‌స్పేస్‌లో ఉంది. ఫైలు పైభాగాన, అన్నిటికీ బయట ఉండే రూట్ ట్యాగ్‌లో ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ (xmlns) అనే అట్రిబ్యూట్ ఉందేమో చూడండి. ఎస్‌వీజీ బొమ్మల్లో, ఆటమ్ ఫీడ్‌లలో అది ఉంటుంది. అది ఉందంటే లోపలి ట్యాగులన్నిటికీ ఒక ఇంటిపేరు, అంటే నేమ్‌స్పేస్, వచ్చినట్టే. ఎక్స్‌పాత్ 1.0లో ఉత్త "పుస్తకం" అంటే ఇంటిపేరు లేని పుస్తకం అని అర్థం. అలాంటిది ఆ ఫైల్లో ఒక్కటీ లేదు కాబట్టి ఖాళీ వస్తోంది.

స్టార్లెట్‌లో దీనికి సులువైన మందు ఉంది. రూట్‌లో ప్రకటించిన డిఫాల్ట్ నేమ్‌స్పేస్‌కి అండర్‌స్కోర్ గుర్తు పెడితే చాలు:

'//_:పుస్తకం'

దారిలో ఉన్న ప్రతి ట్యాగ్‌కీ అది పెట్టాలి, చివరిదానికి ఒక్కదానికే కాదు: '//_:పుస్తకం/_:రచయిత'. అట్రిబ్యూట్లకు మాత్రం అక్కర్లేదు, డిఫాల్ట్ నేమ్‌స్పేస్ వాటికి వర్తించదు. నేమ్‌స్పేస్ రూట్‌లో కాకుండా ఏ మధ్య ట్యాగ్‌లోనో ఉంటే, క్యాపిటల్ ఎన్ ఆప్షన్‌తో మీకు నచ్చిన ప్రిఫిక్స్‌ను (ట్యాగ్ పేరు ముందు పెట్టే గుర్తు) ఆ నేమ్‌స్పేస్ అడ్రస్‌కి ముడివేయండి.

సమస్య: మొదటి పుస్తకం ఒక్కటే అడిగితే బోలెడు వచ్చాయి

'//పుస్తకం[1]' అంటే, పుస్తకాలు వేర్వేరు అర ట్యాగుల్లో ఉంటే, ప్రతి అరలోనూ మొదటి పుస్తకం. మొత్తం ఫైల్లో మొదటిది కావాలంటే దారి చుట్టూ గుండ్రటి బ్రాకెట్లు పెట్టండి: '(//పుస్తకం)[1]'.

సమస్య: ఫంక్షన్ గుర్తుపట్టట్లేదు, లేదా పెద్ద ఫైలుతో మెమరీ నిండిపోతోంది

స్టార్లెట్ వెనకున్న లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 లైబ్రరీకి 1999 నాటి ఎక్స్‌పాత్ 1.0 మాత్రమే వచ్చు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల నమూనాతో) వెతికే మ్యాచెస్ లాంటి ఫంక్షన్లు 2.0లో వచ్చాయి. అవి కావాలంటే బేస్‌ఎక్స్ అనే ఎక్స్‌ఎంఎల్ డేటాబేస్‌కి మారండి, అదీ ఉచితమే. క్వెరీ అడిగే సెలెక్ట్ కమాండ్‌తో స్టార్లెట్ చెట్టు మొత్తాన్నీ మెమరీలో నిలబెడుతుంది. బేస్‌ఎక్స్ అయితే ఫైలును ఒకసారి డేటాబేస్‌గా మార్చుకుని, ఇండెక్స్ కట్టుకుని, తర్వాత ప్రతి ప్రశ్నకీ దాంట్లోంచే వెతుకుతుంది. రోజూ అదే పెద్ద ఫైలుతో పని ఉన్నవాళ్లకు నా సలహా అదే.