ప్రోనోటు ఇంకు పరీక్షకు వెళ్లేముందు

గుంటూరులో మిర్చి అప్పుల ప్రోనోట్లపై ‘సున్నాను తర్వాతెప్పుడో చేర్చారు’ అనే గొడవ మామూలే. కోర్టు ద్వారా నిపుణుడికి పంపించే ముందు ఇవి చూసుకోండి.

లామినేషన్ అసలొద్దు. పొర మెరుపు నిపుణుడు తీసే ఫొటోను చెడగొడుతుంది, ఊడదీస్తే రాతే లేచిపోవచ్చు.

ఒరిజినలే ఇవ్వండి. జిరాక్సులో ఉండేది టోనర్, పెన్ను ఇంకు కాదు.

అనుమానపు అంకె చుట్టూ పెన్నుతో గీయకండి. మూడో ఇంకు మీరే కలిపినట్టు!

ఎండలో పెట్టకండి, ఇంకు రంగులు వెలిసిపోతాయి.

నిపుణుడి ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని కాంతి) కెమెరాలో ఒక నలుపు మాయమై, పక్క నలుపు అలాగే మిగలొచ్చు. 50,000లో చివరి సున్నా ఒక్కటే మిగిలితే ఇంకు వేరన్నట్టే. తేడా కనిపించకపోతే మాత్రం ఒకే పెన్ను అనుకోకండి. ఒకే రకం రీఫిల్ ఎందరి జేబుల్లో లేదు? ఎప్పుడు రాశారో ఈ ఫొటోలు చెప్పవు.