ఇంట్లో టెన్స్ యంత్రం – మూడో పాఠం: టైమర్, ఇతర అమరికలు

గత పాఠంలో ప్యాడ్లను నడుముకు ఎక్కడ అతికించాలో నేర్చుకున్నాము. టెన్స్ అంటే చర్మం మీది ప్యాడ్ల ద్వారా సన్నని కరెంటు పంపి నొప్పిని తగ్గించే చిన్న యంత్రం. ఈ పాఠంలో దాని మీది మీటలను ఏ వరుసలో తాకాలో తెలుసుకుందాం. చెనక్కాయ చెట్లు పెరికే రోజుల్లో నడుము పట్టేసి, అనంతపురంలో ఫిజియోథెరపిస్టు దగ్గర కొన్నాళ్లు కరెంటు పెట్టించుకొని, ఆయన సలహా మీద ఇంటికి చిన్న యంత్రం తెచ్చుకున్నవారిని దృష్టిలో ఉంచుకొని దీన్ని రాస్తున్నాను. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఈ యంత్రాన్ని వాడకూడదు. గర్భిణులు, మూర్ఛ ఉన్నవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

టైమర్ మొదట, తీవ్రత (కరెంటు బలం) చివర. ప్యాడ్లు అతికించే ముందే రెండు తీవ్రత మీటలూ సున్నా దగ్గర ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆ తరువాత టైమర్ పెట్టాలి. పాత రకంలో ఇది పక్కకు జరిపే చిన్న స్విచ్. తెర ఉన్న రకాల్లో సాధారణంగా ‘సెట్’ మీట నొక్కి, బాణం గుర్తులతో నిమిషాలు మారుస్తారు. మొదటిసారి 15 నిమిషాలు పెట్టి, ప్యాడ్లు తీశాక చర్మం ఎలా ఉందో చూడండి. దద్దురు, మంట లేకుంటే మరునాటి నుంచి 30 నిమిషాలు పెట్టుకోవచ్చు. ఆపేదాకా నడిచే ‘కంటిన్యువస్’ అమరికను ఇంట్లో నేర్చుకునేవారు ముట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. నిద్రలో ఈ యంత్రం నడవకూడదు. మధ్యాహ్నం అన్నం తిని నడుము వాల్చినవారికి కునుకు పట్టడం ఎంతసేపు?

సమయం అయిపోయాక జరిగేది అన్ని యంత్రాల్లో ఒకటి కాదు. తెర ఉన్నవాటిలో చాలావరకు తీవ్రత తానే సున్నాకు దిగుతుంది. తిప్పే మీటలున్న వాటిలో కరెంటు ఆగుతుంది కానీ, మీట ఉన్నచోటనే ఉండిపోతుంది. దాన్ని గమనించక మళ్లీ స్విచ్ వేస్తే నిన్నటి తీవ్రత అంతా ఒక్కసారిగా తగిలి, మనిషి ఉలిక్కిపడతాడు. అందుచేత టైమర్ ఆపినా సరే, మీటలను మన చేతితో సున్నాకు తిప్పి, స్విచ్ ఆపి, ఆ తరువాతే ప్యాడ్లు తీయాలి.

మోడ్‌ను, అంటే కరెంటు వచ్చే తీరును, ‘నార్మల్’లో ఉంచండి. ఫిజియోథెరపిస్టు వేరే అంకెలు రాసి ఇవ్వకపోతే ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని కరెంటు తాకుళ్లు) 80 నుంచి 100 హెర్ట్జ్, పల్స్ వెడల్పు (ఒక్కో తాకుడు ఉండే సమయం) 100 నుంచి 200 మైక్రోసెకన్ల మధ్య పెట్టుకోవచ్చు. ఈ వేగంలో స్పర్శను మోసే లావు నరాలు ఉత్తేజం పొంది, వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన ‘గేట్’ సిద్ధాంతం ఆధారంగా వివరిస్తారు. 2 నుంచి 4 హెర్ట్జ్ నెమ్మది పద్ధతిలో కండరం ఎగిరెగిరి పడుతుంది. దాన్ని ఇప్పుడే ప్రయత్నించవద్దు.

ఇక తీవ్రత. మీటను కొద్దికొద్దిగా తిప్పుతూ, చీమలు పాకినట్టు జివజివ స్పష్టంగా తెలిసి, నొప్పి మాత్రం పుట్టని చోట ఆపాలి. కండరం బిగుసుకున్నా, చురుక్కుమన్నా వెంటనే తగ్గించాలి. కొన్ని నిమిషాలకు శరీరం అలవాటుపడి జివజివ తగ్గినట్టు అనిపిస్తుంది; అప్పుడు రవ్వంత పెంచవచ్చు. ఎక్కువ పెడితే త్వరగా గుణమిస్తుందనే నమ్మకం వదులుకోవాలి. చక్కెర జబ్బుతో స్పర్శ తగ్గిన పాదాలకు ఇది పెట్టవద్దు, ఎందుకంటే ఎక్కడ ఆపాలో చెప్పవలసిన చర్మానికే అక్కడ తెలివి ఉండదు.

ఈ వారం సాధన ఇది: వైర్లు తీసేసి, టైమర్‌ను 15కు, 30కు మార్చడం, మీటలను సున్నాకు తేవడం చూడకుండా వేళ్లకు పట్టుబడేదాకా చేయండి. నడుముకు ప్యాడ్లు పెట్టుకున్నాక యంత్రం చాలాసార్లు కంటికి కనబడని పక్కనే ఉంటుంది. ఎండాకాలపు చెమటకు ప్యాడ్ల జిగురు పోకుండా చూసుకోవడం వచ్చే పాఠంలో.