విద్యుత్తు పాఠానికి ప్యానెల్‌ను, ఫోన్‌ను ఎలా వాడుకోవాలి

ఉన్నత పాఠశాలల్లో ఇప్పుడు చాలా చోట్ల నల్లబల్ల పక్కనే ఇంటరాక్టివ్ ప్యానెల్, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెర, ఉంటోంది. దాన్ని వాడే తీరులో మాత్రం రెండు రకాల పొరపాట్లు తరచుగా కనిపిస్తాయి. పాడైతే జవాబు చెప్పుకోవలసి వస్తుందన్న జంకుతో గుడ్డ కప్పి ఉంచడం మొదటిదైతే, పీరియడ్ మొదట్లో ఒక వీడియో పెట్టి గంట కొట్టేదాకా దాన్నే నడవనివ్వడం రెండవది. రెండవ పొరపాటు నేనూ చేశాను. పదవ తరగతికి విద్యుత్తు పాఠం మొదలుపెట్టిన రోజున పద్దెనిమిది నిమిషాల యానిమేషన్ వీడియో చూపించి, పిల్లలు గుడ్లప్పగించి చూస్తుంటే పాఠం చక్కగా సాగిందనుకున్నాను. మరునాడు అడిగితే అందులోని సంగీతం, మధ్యలో వచ్చిన ప్రకటన తప్ప ఎవరికీ ఏమీ గుర్తు లేదు. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ పరికరం వాడాలన్న ఆలోచనకు ముందు, ఈ రోజు పిల్లల బుర్రలో కదిలించవలసిన ప్రశ్న ఏమిటో ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకుంటాను. ఆ ప్రశ్నకు సుద్దముక్క చాలితే ఆ రోజు ప్యానెల్ ఆన్ చేయను.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో శ్రేణి సంధానం (బల్బులను ఒకే దారిలో ఒకదాని తరువాత ఒకటి కలపడం) పాఠంతోనే వివరిస్తాను. రెండు బల్బులను శ్రేణిలో కలిపితే మొదటి బల్బు కొంత కరెంటును ‘తాగేస్తుంద’ని, మిగిలినదే రెండవ బల్బుకు చేరుతుందని పిల్లల్లో చాలామంది నమ్ముతారు. పొలానికి పారే నీళ్ళలో మొదటి మడి తడిసిన తరువాతే రెండవ మడికి అందుతాయని చూస్తూ పెరిగిన పిల్లలకు ఆ ఊహ రావడంలో వింతేమీ లేదు. కాబట్టి ఆ రోజు నా ప్రశ్న ఇది: మొదటి బల్బుకు ముందు, రెండు బల్బుల మధ్య, రెండవ బల్బు తరువాత విద్యుత్ ప్రవాహం ఒకటేనా, వేరువేరా? వలయం పటం గీయడానికి, గుర్తులు నేర్పడానికి, సూత్రం రాబట్టడానికి బోర్డును మించినది లేదు, ఎందుకంటే ఉపాధ్యాయుడి చేయి నడిచే వేగంతోనే పిల్లవాడి నోటుపుస్తకమూ నడుస్తుంది. బల్బు వెలిగిందా లేదా చూడటానికి నిజమైన సెల్లులు, టార్చి బల్బులు, వైర్లు కావాలి. తీగ లోపల ఏం జరుగుతోందన్నది మాత్రం కంటికి కనిపించదు కాబట్టి, ప్యానెల్‌కు అప్పగించవలసిన పని అదే.

చేతితో చేసే ప్రయోగాన్ని ముందు పెట్టి, తెరను తరువాత పెట్టాలని నేను గట్టిగా చెబుతాను. రెండు 1.5 వోల్టుల సెల్లులకు రెండు టార్చి బల్బులను శ్రేణిలో కలిపి చూడండి. అంగడిలో కొన్న బల్బులు అచ్చంగా ఒకేలా ఉండవు కాబట్టి ఒకటి కాస్త ఎక్కువగా, ఇంకొకటి కాస్త తక్కువగా వెలగవచ్చు. ఎక్కువ వెలిగేది మొదటి స్థానంలో ఉందనుకోండి, “చూశారా సార్, మొదటిదే కరెంటంతా లాగేసుకుంది” అని తరగతి ఒక్క గొంతుతో అంటుంది. అప్పుడు ఏమీ వివరించకుండా రెండు బల్బుల స్థానాలు మార్చమని ఒక విద్యార్థినే పిలవాలి. ఎక్కువ వెలిగే బల్బు రెండవ స్థానంలోకి వెళ్ళినా ఎక్కువగానే వెలుగుతుంది. తేడా వరుసలో లేదు, బల్బులోనే ఉందన్న అనుమానం పిల్లలకు కలగాలి, ఆ అనుమానం కలిగిన తరువాతే ప్యానెల్ ఆన్ కావాలి.

ఈ పనికి నేను వాడేది ఫెట్ సిమ్యులేషన్, అంటే ప్రయోగాన్ని తెర మీద అనుకరించి చూపే ప్రోగ్రాము. నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఈ ప్రాజెక్టులోని సిమ్యులేషన్లు ఉచితం, వాటిలో కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. విద్యుత్ వలయాలను కట్టే సిమ్యులేషన్‌ను ముందురోజు సాయంత్రమే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. అది ఒక్క ఫైలుగా వస్తుంది, ఇంటర్నెట్ లేకుండానే బ్రౌజరులో తెరుచుకుంటుంది. పాఠశాల నెట్‌ను గాని, సొంత ఫోన్ హాట్‌స్పాట్‌ను గాని నమ్ముకుని తరగతిలోకి వెళ్తే పది నిమిషాలు తిరిగే చక్రాన్నే పిల్లలకు చూపించవలసి వస్తుంది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ ద్వారా ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలో తెరుచుకునే వీడియోలకూ ఇదే వర్తిస్తుంది. కావలసినదాన్ని ముందే యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఫైలు తెరుచుకుందని నిర్ధారించుకున్నాక తరగతి గది చివరి బెంచీలో కూర్చుని తెర వైపు చూడండి. అక్కడి నుంచి అంకెలు చదవగలిగారా, కిటికీ వెలుగు తెర మీద పడి మెరుస్తోందా అన్నవి బల్ల దగ్గర నిలబడితే తెలియవు. నా తరగతిలో పడమటి కిటికీ తలుపు మూస్తే గాని మధ్యాహ్నం పూట తెర కనిపించదు, అందుకే ఆ పాఠాన్ని ఉదయం పీరియడ్‌కు మార్చుకున్నాను.

సిమ్యులేషన్‌లో బ్యాటరీ 9 వోల్టులతో, బల్బు 10 ఓముల నిరోధంతో వస్తాయి. ఒక్క బల్బుతో వలయం కట్టి, విలువలు చూపించే గడిలో టిక్కు పెట్టి, ప్రవాహాన్ని కొలిచే అమ్మీటరు జోడిస్తే 0.9 ఆంపియర్ కనిపిస్తుంది. ఈ అంకెను పిల్లల చేతనే బోర్డు మీద ఓమ్ నియమంతో (వోల్టులను ఓములతో భాగిస్తే ఆంపియర్లు) లెక్క కట్టించాలి, ఎందుకంటే తాము లెక్కించిన అంకే తెర మీద వచ్చిందని చూసినప్పుడే వారికి దాని మీద నమ్మకం కుదురుతుంది. ఆ తరువాత రెండవ బల్బును శ్రేణిలో కలపండి, కాని అమ్మీటరు ఇప్పుడే పెట్టకండి. మూడు చోట్ల ప్రవాహం ఎలా ఉంటుందో ముందు ఊహించమనండి, ఊహను నోటుపుస్తకంలో రాయించండి. రాయించకపోతే, జవాబు బయటపడ్డాక అందరూ తామూ అదే అనుకున్నామంటారు. అందరూ రాశాకే అమ్మీటరును ఒక్కొక్క చోటికి జరపండి. మూడు చోట్లా 0.45 ఆంపియరే కనిపించినప్పుడు తరగతిలో పుట్టే ఆ కలకలం కోసమే ఇంత ఏర్పాటూ. తీగలో కదిలే నీలి చుక్కలు ఎలక్ట్రానులని, ఒక్క బల్బు ఉన్నప్పటి కన్నా ఇప్పుడు అవి నెమ్మదిగా కదులుతున్నాయని పిల్లలే గమనిస్తారు. సంప్రదాయ ప్రవాహ దిశ (బ్యాటరీ ధన కొస నుంచి రుణ కొసకు) ఎలక్ట్రానులు కదిలే దిశకు వ్యతిరేకమని చెప్పడానికి అదే అదను, అందుకు సిమ్యులేషన్‌లోనే ఒక మీట ఉంది. ఒక్కొక్క బల్బు సామర్థ్యాన్ని, అంటే అది సెకనుకు తీసుకునే విద్యుత్ శక్తిని, కూడా లెక్కించమంటే, ఒంటరిగా 8.1 వాట్లు తీసుకున్న బల్బు శ్రేణిలో సుమారు 2 వాట్లే, అంటే నాలుగో వంతే తీసుకుంటోందని తేలుతుంది. సమాంతర సంధానానికి (బల్బులను వేరువేరు దారుల్లో నేరుగా బ్యాటరీకి కలపడానికి) అదే రోజు వెళ్ళకండి. రెండు బల్బులకూ చెరి 0.9 ఆంపియర్ వచ్చి, బ్యాటరీ నుంచి 1.8 ఆంపియర్ వెళ్ళడం మరునాటికి ఒక నిండు పీరియడ్ పాఠం.

మీటలు నొక్కే పని ఉపాధ్యాయుడు ఒక్కడే చేస్తే ప్యానెల్ కూడా టీవీయే అవుతుంది. ప్రతి మార్పుకూ ఒక్కొక్కరిని పిలవండి. ఎప్పుడూ చేయి ఎత్తేవారిని కాక, వెనుక బెంచీలో తల వంచుకుని ఉండేవారిని పిలవడం మంచిది. తెర తాకాలన్న ఆశతో వారు లేచి వస్తారు, సుద్దముక్క ఇస్తే రారు.

ఇందులోనే ఒక ప్రమాదం కూడా ఉంది, దాన్ని దాటవేయకూడదు. సిమ్యులేషన్‌లో బ్యాటరీ రెండు కొసలనూ ఒట్టి తీగతో కలిపితే తెర మీద మంటలు లేస్తాయి, పిల్లలు చప్పట్లు కొడతారు. ఒకసారి ఒక అబ్బాయి, “సార్, మా ఇంటి ప్లగ్గులో కూడా ఇలాగే వస్తుందా?” అని ఉత్సాహంగా అడిగాడు. వెంటనే పాఠం ఆపి, సెల్లులో ఉండేది 1.5 వోల్టులైతే ఇంటి సరఫరా 230 వోల్టులని, తెర మీద మంటను మీట నొక్కి తుడిచేసినట్లు ఇంట్లో తుడవలేమని, ప్రవాహం మితిమీరితే వలయాన్ని తెంచే ఫ్యూజు గాని ఎంసీబీ గాని ఉన్నది ఇందుకేనని వివరించవలసి వచ్చింది. ఇప్పుడు ఎవరూ అడగకముందే ఆ మాట చెబుతున్నాను. సెల్లుల ప్రయోగం తెరకు ముందు జరగాలనడానికి ఇదీ ఒక కారణమే.

ఎందరు ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి చేతులెత్తించడం సరిపోదు, ఎందుకంటే క్లాస్ ఫస్ట్ వచ్చే అమ్మాయి చేయి ఎటు లేస్తే మిగిలిన చేతులూ అటే లేస్తాయి. పిల్లల దగ్గర ఫోన్లు లేకపోయినా ఉపాధ్యాయుడి ఒక్క ఫోన్‌తోనే ఈ చిక్కు తీర్చే సాధనం ప్లిక్కర్స్. ప్రతి విద్యార్థికీ వేరువేరు ఆకారం అచ్చువేసిన కార్డు ఇస్తాము. దాని నాలుగు వైపులా ఏ, బీ, సీ, డీ అక్షరాలు చిన్నగా ఉంటాయి. తన జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు పట్టుకుంటే ఫోన్ కెమెరా అన్నిటినీ ఒక్కసారిగా చదువుతుంది. పక్కవాడి కార్డు చూసినా ఏం పెట్టాడో సులువుగా తెలియదు. సాధారణ సెట్‌లో 40 కార్డులుంటాయి. వాటిని జిరాక్స్ తీయించి అట్టకు అంటించండి. మెరిసే లామినేషన్ చేయిస్తే వెలుతురు పడి కెమెరా చదవలేదు. వేళ్ళు ఆకారాన్ని కప్పకుండా అంచులు పట్టుకోవడం ముందే అభ్యాసం చేయించాలి. దీనికి ఫోన్‌లో నెట్ కావాలి కాబట్టి సిగ్నల్ లేని ఊళ్ళో పలకల మీద అక్షరం రాయించి, ఒకటి రెండు మూడు అనగానే అందరి చేతా ఒకేసారి పైకెత్తించండి, పని జరుగుతుంది. యాప్‌లో విద్యార్థుల పేర్లకు బదులు రోల్ నంబర్లే నమోదు చేయండి. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్ళు నిండనివారు పిల్లలే, వారి వివరాలను బయటి సంస్థల చేతిలో పెట్టేటప్పుడు మనం తేలికగా తీసుకోకూడదు. పిల్లల ఫోటోలను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే అలవాటుకూ ఇదే మాట.

కరెంటు పోవడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కరెంటు పాఠం మధ్యలో కరెంటు పోతే పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. పలకలు, సెల్లులు, బోర్డు చేతిలో ఉంటే పాఠం ఆగదు, కాబట్టి తెర లేకుండా ఆ పీరియడ్‌ను ఎలా ముగించాలో పాఠ్య ప్రణాళికలో రెండు పంక్తులు రాసి ఉంచుకోండి.

తెలుగు అక్షరాలతో వచ్చే ఒక ఇబ్బంది మాత్రం వివరంగా చెప్పదగినది. ప్రశ్నపత్రాలను మనం ఏళ్ళుగా డీటీపీ సెంటర్లలో ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లతో టైపు చేయించాము. ఆ ఫైలును ఫోన్‌లో గాని ప్యానెల్‌లో గాని తెరిస్తే అక్షరాల స్థానంలో అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి, ఎందుకంటే అవి అన్ని యంత్రాలూ గుర్తించే యూనికోడ్ అక్షరాలు కావు, ఆ ఫాంట్ లేని యంత్రం వాటిని చదవలేదు. పాత ఫైళ్ళను చూపించవలసి వస్తే డీటీపీ సెంటర్‌లోనే పీడీఎఫ్‌గా మార్పించుకోండి. ఇకమీదట చేసేవాటిని మొదటి నుంచీ యూనికోడ్‌లోనే చేయండి. ఫోన్‌లోని జీబోర్డు అనే కీబోర్డు యాప్‌లో తెలుగు ఎంచుకుని మైకు గుర్తు నొక్కి పలికితే చాలావరకు సరిగానే టైపవుతుంది, ఒత్తులు, పొల్లులు తరువాత సరిచూసుకుంటే సరిపోతుంది. కృత్రిమ మేధ సాధనాలతో ప్రశ్నలు తయారుచేయించుకునేవారికీ ఇక్కడే ఒక హెచ్చరిక. అవి ‘నిరోధం’ బదులు ‘ప్రతిఘటన’ అనో, ‘శ్రేణి సంధానం’ బదులు ‘సిరీస్ కనెక్షన్’ అనో రాస్తాయి, కొన్నిసార్లు జవాబు అంకె కూడా తప్పు ఇస్తాయి. పాఠ్యపుస్తకంలోని పదం పెట్టి, లెక్కను స్వయంగా చేసి చూసుకోకుండా ఏ ప్రశ్ననూ తరగతికి తీసుకెళ్ళకండి.

ఇంటి పని ఫోన్‌కు పంపేటప్పుడు ఆ ఫోన్ ఎవరిదో ఆలోచించాలి. మా విద్యార్థుల్లో చాలామంది ఇళ్ళలో ఉన్నది ఒక్క స్మార్ట్‌ఫోనే. అది నాన్నతో పాటు పొద్దున్నే పొలానికో ఆటో స్టాండుకో వెళ్ళి రాత్రి తిరిగొస్తుంది, అప్పటికి ఆ రోజు డేటా ఎంత మిగిలి ఉంటుందో చెప్పలేము. అందుకే నేను వీడియో లింకులు పంపడం మానేశాను. తరగతిలో చూసిన వలయం ఫోటో ఒకటి, దాని కింద ఒకే ఒక ప్రశ్న, రెండు నిమిషాలకు మించని నా గొంతు రికార్డింగు మాత్రమే పంపుతాను. జవాబు నోటుపుస్తకంలోనే రాసుకురమ్మంటాను, ఫోన్ లేని ఇంటి పిల్లల కోసం అదే ప్రశ్నను సాయంత్రం బోర్డు మీద రాసి వస్తాను. రాత్రి ఎనిమిది దాటాక పంపిన సందేశాన్ని మరునాటి పనిగా లెక్కపెట్టను.

చివరగా, గంట కొట్టిన తరువాత చేయవలసిన పని ఒకటుంది. ప్యానెల్ ఉపాధ్యాయులందరిదీ కాబట్టి, అందులో మీ గూగుల్ ఖాతా గాని వాట్సాప్ వెబ్ గాని తెరిచి ఉంటే లాగ్ అవుట్ చేయకుండా గది దాటకండి. నేను ఒకసారి మరచిపోయి స్టాఫ్ రూముకు వెళ్ళాను, తరువాతి పీరియడ్‌లో సోషల్ మేడమ్ భారతదేశ పటం చూపిస్తుండగా, వచ్చేటప్పుడు అర కిలో వంకాయలు, కొత్తిమీర తెమ్మని మా ఇంటి నుంచి వచ్చిన సందేశం తెర మీద దర్శనమిచ్చింది. పిల్లలు ఆ వారమంతా నన్ను చూసి ముసిముసిగా నవ్వారు. ఇప్పుడు లాగ్ అవుట్ చేసి, బ్రౌజరు చరిత్ర తుడిచి, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాకే హాజరు పట్టీ చేతికి తీసుకుంటున్నాను.