ఇంగ్లీషులో ‘ప్రత్యేకమైన’ అని చెప్పాలంటే ఏ మాట పక్కన ఏ మాట పెట్టాలి?

ఉద్యోగ దరఖాస్తులు, అడ్మిషన్ వ్యాసాలు, కంపెనీల పరిచయ పత్రాలు దిద్దడం నా పని. నా ఎర్ర పెన్ను అన్నిటికంటే ఎక్కువసార్లు ఆగేది ‘యూనీక్’ అనే మాట దగ్గర, దాని చుట్టాల దగ్గర. ఈమధ్య వచ్చిన ఒక దరఖాస్తు ఇలా మొదలైంది: ‘ఐ యామ్ ఎ వెరీ యూనీక్ పర్సన్ విత్ అన్‌ప్రెసిడెంటెడ్ స్కిల్స్ అండ్ యాన్ ఎక్స్‌క్లూజివ్ ప్యాషన్ ఫర్ టీచింగ్.’ రాసిన అమ్మాయికి ఇంగ్లీషు బాగా వచ్చు. ప్రతి మాటకీ అర్థం తెలుసు. అయినా మూడు విశేషణాల్లో ఒక్కటి కూడా పక్కనున్న మాటతో పొసగలేదు. ఆ వాక్యాన్ని చివర్లో సరిచేద్దాం.

ఈ పొసగడం ఏమిటో తెలుగులో మనకు బాగానే తెలుసు. ‘ఏకైక వారసుడు’ అంటాం. ‘ఏకైక ధైర్యం’ అని ఎవరూ అనరు, ‘సాటిలేని ధైర్యం’ అంటారు. ‘అరుదైన వ్యాధి’ అంటాం, ‘అద్వితీయ వ్యాధి’ అనం. ఇవేవీ బడిలో నేర్చుకున్నవి కావు, చిన్నప్పటి నుంచి వినీ వినీ చెవికి పట్టినవి. ఇలా మాటలు అలవాటుగా జతకట్టడాన్ని ఇంగ్లీషులో కొలొకేషన్ అంటారు. 1950లలో జె. ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త ఈ మాటకు భాషాశాస్త్రంలో గట్టి స్థానం కల్పించారు. మనిషిని స్నేహాన్ని బట్టి అంచనా వేసినట్టే మాటను కూడా దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవాలన్నది ఆయన ఆలోచన.

కావాల్సినవి: ఒక నోటుబుక్కు, ఒక కొలొకేషన్ డిక్షనరీ, ఇంటర్నెట్. పర్యాయపదాల నిఘంటువు మాత్రం మూసి పక్కన పెట్టండి. అది ఒకే వరుసలో పది మాటలు ఇస్తుంది, ఏది ఎవరి పక్కన కూర్చుంటుందో చెప్పదు. నేను దిద్దే తప్పుల్లో చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే.

మొదటి అడుగు: నామవాచకం ముందు రాయండి

విశేషణం కోసం వెతికే ముందు దేని గురించి చెబుతున్నారో ఆ మాట రాసుకోండి. అవకాశమా, వాసనా, రికార్డా, హక్కా, మనిషా? ఇంతే, ఒక్క నిమిషం పని. ‘థింగ్’ అని మాత్రం రాయొద్దు, దాని పక్కన ఏ విశేషణమూ నిలబడదు.

రెండో అడుగు: అది ఏ విషయంలో ఒంటరిదో అడగండి

‘ప్రత్యేకం’ అన్న ఒక్క మాట కింద మనం చాలా వేర్వేరు సంగతులు చెప్పేస్తుంటాం. ముగ్గురి ఉదాహరణలతో తేడా చూడండి.

1969 జులైలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద అడుగుపెట్టారు. అంతకుముందు ఎవరూ చేయని పని కాబట్టి అది అన్‌ప్రెసిడెంటెడ్. కానీ 1972 డిసెంబరు నాటికి మొత్తం 12 మంది అక్కడ నడిచారు. అందుకని చంద్రుడి మీద నడవడాన్ని ఇప్పుడు యూనీక్ అనలేం. ఆస్ట్రేలియా క్రికెటర్ డాన్ బ్రాడ్‌మన్ టెస్టు సగటు 99.94. సగటు ప్రతి బ్యాటర్‌కీ ఉంటుంది. అయితే కనీసం 20 ఇన్నింగ్స్ ఆడినవాళ్లలో ఆ దరిదాపులకు వచ్చినవాళ్లు లేరు. కాబట్టి అది అన్‌మ్యాచ్డ్ రికార్డ్, అన్‌పారలల్డ్ రికార్డ్. మేరీ క్యూరీకి 1903లో భౌతికశాస్త్రంలో, 1911లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయి. రెండు వేర్వేరు విజ్ఞానశాస్త్రాల్లో నోబెల్ పొందిన వ్యక్తి ఆమె ఒక్కరే. ఇది నిజంగా యూనీక్ అచీవ్‌మెంట్.

మొదటిది కాలంలో ఒంటరి, రెండోది ఎత్తులో ఒంటరి, మూడోది లెక్కలోనే ఒంటరి. ఇక చూడగానే, వినగానే గుర్తుపట్టేలా ఉంటే డిస్టింక్టివ్. ఇంకెవరికీ ప్రవేశం లేకపోతే ఎక్స్‌క్లూజివ్. ఒక బాధ్యతో హోదానో ఒక్కరి దగ్గరే ఉంటే సోల్.

‘యూనీక్’ స్పెల్లింగు మొదట్లో ఉండే ‘un’, ‘లేదు’ అని చెప్పే ‘అన్’ ఒకటి కాదని కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోండి. అది లాటిన్‌లో ‘ఒకటి’ అనే మాట నుంచి వచ్చింది. యూనిట్, యూనియన్, యూనిఫామ్ దాని తోబుట్టువులు. అందుకే ఆ మాట గుండెలో ఎప్పుడూ ‘ఒక్కటే’ అన్న లెక్క ఉంటుంది.

మూడో అడుగు: జోడీ కుదిరిందో లేదో చూడండి

దాదాపు అందరూ జారేది ఈ మెట్టు మీదే. దయచేసి నెమ్మదిగా చదవండి.

మొదటి ప్రమాదం మన తెలుగు నుంచే వస్తుంది. అపూర్వం అంటే పూర్వం లేనిది, అన్‌ప్రెసిడెంటెడ్ అంటే ముందు ఉదాహరణ లేనిది. నిరుపమానం అంటే ఉపమానం లేనిది, ఇన్‌కంపేరబుల్ అంటే పోలిక లేనిది. మాటలు ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి కాబట్టి జోడీలు కూడా ఒకటే అనుకుంటాం. కావు. ‘అపూర్వ స్పందన’ను ఇంగ్లీషువాళ్లు ఎక్కువగా ‘ఓవర్‌వెల్మింగ్ రెస్పాన్స్’ అంటారు. ‘అపూర్వ స్వాగతం’ వాళ్ల నోట ‘రౌజింగ్ వెల్కమ్’ అవుతుంది. ‘విశిష్ట సేవలు’ అంటే ‘డిస్టింగ్విష్డ్ సర్వీస్’. ‘విశిష్ట అతిథి’ని ‘యూనీక్ గెస్ట్’ అంటే ఆయన వింతమనిషి అన్నట్టు వినిపిస్తుంది. ‘గెస్ట్ ఆఫ్ ఆనర్’ అనాలి. ‘విలక్షణ నటుడు’కి ‘డిస్టింక్టివ్ యాక్టర్’ అని రాస్తే ఏదో లోటు. ‘యాన్ యాక్టర్ విత్ ఎ డిస్టింక్టివ్ స్టైల్’ అంటే చక్కగా ఉంటుంది. తెలుగులో విశేషణం మనిషికి తగిలింది, ఇంగ్లీషులో మనిషి శైలికి తగిలింది. ఈ ఒక్క కదలిక గమనిస్తే సగం తప్పులు పోతాయి.

రెండో ప్రమాదం: ఒక విశేషణం బాగుంది కదా అని దాన్ని అన్నిటికీ తగిలించడం. అన్‌ప్రెసిడెంటెడ్ వెనక ఉన్న ‘ప్రెసిడెంట్’ కోర్టుల్లో గట్టిగా పాతుకుపోయిన మాట, ముందు వచ్చిన తీర్పు అని అర్థం. దేశాధ్యక్షుడు అనే ప్రెసిడెంట్‌కి స్పెల్లింగు వేరు. అందుకే అన్‌ప్రెసిడెంటెడ్ అనే మాట జరిగే వాటితో, కొలిచే వాటితో కలుస్తుంది: స్కేల్, లెవెల్, గ్రోత్, డిమాండ్, స్టెప్, క్రైసిస్. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ‘అన్‌ప్రెసిడెంటెడ్ టైమ్స్’ అనే మాట అందరి నోటా వినిపించింది, అక్కడ అది సరిగ్గా అతికింది. మనిషి పక్కన, నైపుణ్యం పక్కన మాత్రం అతకదు.

మూడోది కవలపిల్లల గొడవ. డిస్టింక్ట్, డిస్టింక్టివ్ ఒకటి కాదు. వెల్లుల్లి వాసన డిస్టింక్టివ్ స్మెల్, కళ్లు మూసుకున్నా అది వెల్లుల్లే అని చెప్పగలం. గొంతు, రుచి, శైలి, పక్షి రెక్కల మీద గుర్తులు, ఇవన్నీ డిస్టింక్టివ్ అవుతాయి. డిస్టింక్ట్ అంటే విడిగా ఉన్నది, లేదా స్పష్టంగా తెలిసేది. ‘టూ డిస్టింక్ట్ గ్రూప్స్’, ‘ఎ డిస్టింక్ట్ అడ్వాంటేజ్’, ‘ఎ డిస్టింక్ట్ పాసిబిలిటీ’. చివరిదాన్ని ‘డిస్టింక్టివ్ పాసిబిలిటీ’ అని రాస్తే చదివేవాడు ఆగిపోతాడు.

నాలుగోది అన్నిటికంటే ప్రమాదం, పిక్యూలియర్. దీని పుట్టుక లాటిన్‌లో ‘సొంత ఆస్తి’ అనే మాట. ఆ మాట కూడా పశువుల నుంచి వచ్చింది, ఆ రోజుల్లో పశువులే సంపద కదా. ఒకరికే సొంతమైనది అన్న అర్థం నుంచి నెమ్మదిగా ‘వింతైనది’ అన్న అర్థానికి జరిగింది. రెండు అర్థాలూ ఇప్పటికీ బతికే ఉన్నాయి. ఏది ఎప్పుడో పక్కనున్న మాటే చెబుతుంది. వెనక ‘టు’ వస్తే సొంతమని అర్థం: ‘ఎ కస్టమ్ పిక్యూలియర్ టు దట్ ఐలండ్’, అంటే ఆ దీవికే పరిమితమైన ఆచారం. ‘టు’ లేకుండా ‘పిక్యూలియర్ కస్టమ్’ అంటే వింత ఆచారం. మెచ్చుకుందామని ‘యువర్ డాటర్ హాజ్ ఎ పిక్యూలియర్ టాలెంట్’ అని రాస్తే ఆ తల్లిదండ్రుల మనసు నొచ్చుకుంటుంది. మెచ్చుకోలుకి ఈ మాటను అసలు వాడొద్దు.

సోల్ గురించి తక్కువ చెప్పినా సరిపోతుంది. ఆత్మ అనే సోల్ వేరు, దాని స్పెల్లింగూ వేరు. సర్వైవర్, బ్రెడ్‌విన్నర్, పర్పస్, ప్రొప్రయిటర్, రెస్పాన్సిబిలిటీ దీని స్నేహితులు. ఏకైక సంతానాన్ని మాత్రం ‘ఓన్లీ చైల్డ్’ అనే అంటారు. ‘హీ ఈజ్ సోల్’ అని వాక్యం చివర పెట్టకూడదు, ఇది ఎప్పుడూ నామవాచకానికి ముందే రావాలి. ఇనిమిటబుల్ (ఎవరూ అనుకరించలేనిది) అనే మాటకి అసలు పెద్దగా స్నేహితులే లేరు. ‘ఇన్ హర్ ఓన్ ఇనిమిటబుల్ స్టైల్’ అనో, స్టైల్ బదులు ‘వే’ అనో రాసి వదిలేయండి.

అనుమానం వస్తే ఎలా చూడాలి? సెర్చ్ ఇంజిన్‌లో జోడీ కొట్టి ‘ఇన్ని లక్షల ఫలితాలు వచ్చాయి, కాబట్టి రైటే’ అనేవాళ్లను చాలామందిని చూశాను. ఈ పద్ధతి నమ్మొద్దు. అక్కడ చూపించే సంఖ్య కచ్చితమైన లెక్క కాదు, పైగా ఆ పేజీల్లో మనలాగే తప్పు రాసినవాళ్లవీ ఉంటాయి. కార్పస్ చూడండి, అంటే జనం నిజంగా వాడిన భాషను పోగుచేసిన పెద్ద భాండాగారం. బ్రిటిష్ నేషనల్ కార్పస్‌లో సుమారు 10 కోట్ల మాటలు, కోకా అని పిలిచే అమెరికన్ కార్పస్‌లో 100 కోట్లకు పైగా మాటలు ఉన్నాయి. పుస్తకాలు, పత్రికలు, సంభాషణల నుంచి ఏరి కూర్చినవి. విశేషణం కొట్టి, దాని వెంటనే వచ్చే నామవాచకాలు ఎక్కువ నుంచి తక్కువకు చూపించమని అడగండి. పైనున్న పదింటిని నోటుబుక్కులో చేత్తో రాసుకోండి. ఫోన్లో దాచుకుంటే సరిపోదు, చేత్తో రాసినదే గుర్తుంటుంది.

నాలుగో అడుగు: యూనీక్ ముందున్న ‘వెరీ’ తీసేయండి

ఒక్కటే ఉన్నది ‘చాలా ఒక్కటే’ కాలేదు. యూనీక్‌కి ‘అసాధారణమైన’ అన్న అర్థం కూడా డిక్షనరీల్లో ఉందని, కాబట్టి ‘వెరీ యూనీక్’ తప్పు కాదని కొందరు వాదిస్తారు. 1787 నాటి అమెరికా రాజ్యాంగ పీఠికలోనే ‘మోర్ పర్ఫెక్ట్ యూనియన్’ అని ఉంది కదా, పర్ఫెక్ట్‌కి మోర్ వచ్చినప్పుడు యూనీక్‌కి వెరీ ఎందుకు రాకూడదని ఇంకొందరు అంటారు. మాట్లాడేటప్పుడు ఏమైనా అనండి. దరఖాస్తులో రాయకూడదు, అంతే. చదివే పదిమందిలో ఒక్కరికి అది గుచ్చుకున్నా నష్టం మీదే. ‘ఆల్‌మోస్ట్ యూనీక్’, ‘వర్చువల్లీ యూనీక్’ మాత్రం నిశ్చింతగా రాయొచ్చు, ‘దాదాపు ఒక్కటే’ అనడంలో తప్పు లేదు. ‘యూనీక్ అండ్ స్పెషల్’ అని జంటగా కూడా వద్దు. ఒక నామవాచకానికి ఒక్క విశేషణమే ఉంచాలి.

అయిదో అడుగు: ‘ఎ’నా ‘యాన్’నా?

దీనికి మన లిపే సాయం చేస్తుంది. మాటను తెలుగులో రాసి చూడండి. ‘యూనీక్’ య తో, అంటే హల్లుతో మొదలైంది, కాబట్టి ‘ఎ యూనీక్’. ‘అన్‌పారలల్డ్’ అచ్చుతో మొదలైంది, కాబట్టి ‘యాన్ అన్‌పారలల్డ్’. ‘యాక్టర్’ లాంటి మాటలు మాత్రం మినహాయింపు: మనం ‘యా’ అని రాసినా ఇంగ్లీషులో అక్కడ పలికేది అచ్చే, కాబట్టి ‘యాన్ యాక్టర్’. ఒక చోటికే చెందినదైతే యూనీక్ వెనక ‘టు’ పెట్టండి: కివీ పక్షులు ‘యూనీక్ టు న్యూజీలాండ్’.

ఇప్పుడు ఆ అమ్మాయి వాక్యం. ముందు నామవాచకం రాయమన్నాను, ‘స్కిల్స్’ అని రాసింది. ఏ విషయంలో ఒంటరి అని అడిగితే కాసేపు ఆలోచించి, తను వినికిడి లేని పిల్లలకు సంజ్ఞా భాషలో లెక్కలు చెబుతానంది. ప్రపంచంలో తనొక్కతే చెబుతోందా? లేదు, కాబట్టి యూనీక్ పోయింది. ఇంతకుముందు ఎవరూ చెప్పలేదా? చెప్పారు, అన్‌ప్రెసిడెంటెడ్ పోయింది. ఇంకెవరికీ ప్రవేశం లేనిదా? కాదు, ఎక్స్‌క్లూజివ్ కూడా పోయింది. ఆ రెండు నైపుణ్యాలూ కలిసి ఒకరి దగ్గరే దొరకడం అరుదు, అంతవరకు నిజం. నోటుబుక్కులో ‘రేర్’ పక్కన ‘కాంబినేషన్’ ముందే రాసి ఉంది. ‘ఐ హావ్ ఎ రేర్ కాంబినేషన్ ఆఫ్ స్కిల్స్: ఐ టీచ్ మ్యాథమాటిక్స్ ఇన్ సైన్ లాంగ్వేజ్’ అని రాసింది. ప్యాషన్ గురించిన ముక్క తనే కొట్టేసి, దాని చోట ‘ఐ హావ్ డన్ దిస్ ఫర్ త్రీ ఇయర్స్’ అని చేర్చింది.