పాత యుద్ధ బాంబరుకు మరల రూపం – మూడవ పాఠం: తెల్ల తుప్పును చదవడం, రివెట్టును ఊడదీయడం

గత రెండు పాఠాలలో మనం విమానంపై పనిముట్టు పెట్టలేదు. ప్రతి పలకకూ సంఖ్య వేసి ఫొటో తీశాము. కాక్‌పిట్‌లోని రేడియం పూత ఉన్న డయళ్లను గుర్తించి, వాటిని విప్పకుండా నిపుణులకు అప్పగించవలసినవిగా రాసిపెట్టుకున్నాము. డయల్ చీకటిలో వెలగడం లేదు కాబట్టి భయం లేదా అని సందేహం రావడం సహజం. ఆరిపోయినది పూతలోని జింక్ సల్ఫైడ్ మాత్రమే. రేడియం అర్ధాయువు సుమారు 1600 సంవత్సరాలు కాబట్టి దాని కిరణాలు ఇప్పటికీ వెలువడుతూనే ఉంటాయి.

ఈ పాఠానికి కూడా నమూనా బీ-24 లిబరేటరే. రెండవ ప్రపంచ యుద్ధంలో 18,000కు పైగా తయారైన ఈ నాలుగు ఇంజన్ల బాంబరును ఎంచుకోవడానికి కారణం మన దేశంతో దానికున్న బంధం. యుద్ధం ముగిశాక కాన్పూరులో పనికిరాకుండా చేసి వదిలివెళ్లిన లిబరేటర్లను హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ బాగుచేసి బెంగళూరుకు ఎగిరించుకుపోయింది. భారత వాయుసేన వాటిని 1968 వరకు నడిపింది. నేడు బ్రిటన్, కెనడా, అమెరికా ప్రదర్శనశాలలలో కనిపించే లిబరేటర్లలో కొన్ని ఆ విధంగా మన దగ్గర బతికి బయటపడినవే.

ఇక విషయానికి వద్దాము. ఇనుము తుప్పు ఎర్రగా ఉంటుంది కాబట్టి దూరం నుంచే కనిపిస్తుంది. అల్యూమినియం తుప్పు తెల్లని పొడి. పాత రంగు కింద, రెండు రేకులు ఒకదానిపై ఒకటి ఎక్కిన అతుకులో దాగి ఉంటుంది. అందుచేత కంటితో పాటు వేలి కొనలకు కూడా పని చెప్పాలి. రివెట్ల వరుస వెంట అరచేతిని నెమ్మదిగా జరిపితే, రివెట్టుకూ రివెట్టుకూ మధ్య రేకు దిండులా ఉబ్బినట్లు తగులుతుంది. తుప్పు తాను తిన్న లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలి నుంచి రేకును పైకి నెడుతుంది. ఆ ఉబ్బు కనిపించిన చోట పైన రంగు ఎంత బాగున్నా అతుకు విప్పక తప్పదు. రివెట్టు తల వెనుక, గాలి వీచే దిశలో, నల్లని చార ఉంటే ఆ రివెట్టు వదులై ఏళ్ల తరబడి కదిలిందని గ్రహించాలి.

తుప్పులో అన్నిటికంటే మోసకారి పొరలుగా విచ్చుకునే రకం. మందమైన దిమ్మె అంచు, ముఖ్యంగా రెక్కను మోసే పొడవైన దూలం అంచు, పుస్తకం తడిసి ఆరినప్పుడు పేజీలు విడిపోయినట్లు విడిపోతుంది. నెల్లూరు జిల్లావాసులకు నేను ఇంతకంటే సులభంగా చెప్పగలను: గూడూరు, సైదాపురం గనుల దగ్గర కాకిబంగారం (అభ్రకం) దిమ్మను గోటితో విడదీసి ఆడుకున్నవారికి ఆ రూపం ఎప్పటినుంచో తెలుసు. ఒక్క మాట పక్కకు పోతాను. ఆ కాకిబంగారానికీ ఈ విమానాలకూ చుట్టరికం పోలికతోనే ఆగిపోలేదు. వేడికీ విద్యుత్తుకూ లొంగని అభ్రకాన్ని నాటి విమాన ఇంజన్ల స్పార్క్ ప్లగ్గులలోను, రేడియోల కెపాసిటర్లలోను వాడేవారు. అందువల్ల యుద్ధకాలంలో మన గనుల సరుకుకు గిరాకీ విపరీతంగా పెరిగింది. దూలం అంచు ఈ విధంగా పొరలుగా విడితే గీకి, రంగు పూసి సరిపెట్టకూడదు. ఆ భాగం బరువు మోయడం లేదని భావించి, కింద నుంచి ఆధారం ఇచ్చే స్టాండు ముందుగా అమర్చాలి.

తుప్పును శుభ్రం చేయడానికి ఉక్కు పీచు గాని, ఇనుప తీగల బ్రష్షు గాని వాడకూడదు. అవి విడిచిన ఇనుప నలుసులు మెత్తని అల్యూమినియంలో దిగబడి, తేమ తగిలిన ప్రతిచోటా కొత్త తుప్పుకు బీజం వేస్తాయి. నైలాన్ పీచు చాలు. మెరుగు పెట్టాలన్న తొందర కూడా పనికిరాదు. విమానపు రేకు లోపల గట్టి మిశ్రమ లోహం. దాని రెండు ముఖాలపై కాపుదలగా శుద్ధ అల్యూమినియం పొర ఉంటుంది. పలుచని రేకులలో ఈ పొర ఒక్కో వైపు మొత్తం మందంలో 5 శాతం మాత్రమే. అద్దంలా మెరవాలని రుద్దేవాడు రుద్దుతున్నది ఆ కాపుదలనే. లోపలి వైపు కనిపించే పసుపు, ఆకుపచ్చ కలిసిన పూత జింక్ క్రోమేట్. దాని ధూళి కేన్సరుకు కారణం కాగలదు కాబట్టి పొడిగా గీకరాదు, తడిపి, తగిన మాస్కు పెట్టుకుని మాత్రమే పని చేయాలి.

సముద్రంలో పడి ఉన్న విమానం సంగతి వేరు. 2013లో ఇంగ్లీషు ఛానల్‌లోని గుడ్‌విన్ శాండ్స్ నుంచి పైకి తీసిన జర్మన్ డోర్నియర్ 17 బాంబరును బ్రిటన్‌లోని కాస్‌ఫర్డ్ ప్రదర్శనశాలలో ప్లాస్టిక్ గుడారాల కింద ఉంచి, సిట్రిక్ ఆమ్లం కలిపిన పలుచని ద్రావణాన్ని నెలల తరబడి చల్లారు. సిట్రిక్ ఆమ్లం అనగానే పొదలకూరు నిమ్మకాయల మార్కెట్టు గుర్తుకు రావచ్చు గాని, నిమ్మరసం పిండి రుద్దే ప్రయోగం చేయవద్దు. అక్కడ ఆమ్లపు గాఢతను కొలుస్తూ, క్షారంతో సరిచేస్తూ నడిపారు. కొలత లేని ఆమ్లం తుప్పుతో పాటు లోహాన్ని కూడా తింటుంది.

ఇప్పుడు చేతిపని. బాంబరులో రివెట్లు లక్షల్లో ఉంటాయి కాబట్టి, వాటిని ఊడదీయడం చేతకాని వాడు ఈ పనిలో చేయగలిగింది తక్కువ. తల నడుమ చిన్న గుంట ఉన్న రివెట్టు సాధారణ రకం; మనకు ఎక్కువగా తగిలేది అదే. ఆ గుంటలో సెంటర్ పంచ్ (సూదిమొన ఉన్న ఉక్కు కడ్డీ) మొన నిలిపి తేలికగా ఒక్క దెబ్బ వేయాలి. రివెట్టు కాడ మందం 3.2 మిల్లీమీటర్లైతే అంతే కొలత గాని, ఒక సైజు తక్కువ గాని ఉన్న డ్రిల్లు బిట్ తీసుకుని, డ్రిల్లును రేకుకు నిటారుగా పట్టి, తల మందం వరకే తొలవాలి. రేకులోనికి పోకూడదు. తరువాత ఆ రంధ్రంలో పిన్ పంచ్ (మొన లేని సన్నని ఉక్కు కడ్డీ) పెట్టి పక్కకు వంచితే తల టోపీలా ఊడివస్తుంది. అప్పుడు రేకు వెనుక, రివెట్టు పక్కనే, చెక్క దిమ్మె ఆనించి కాడను బయటికి కొట్టాలి. ఆధారం లేకుండా కొడితే రేకు గుంటపడుతుంది.

నేను నేర్చుకునే రోజులలో మొదటి వరుసలో పదకొండు రివెట్లు చక్కగా తీసి, పన్నెండవ దాని దగ్గర పంచ్ దెబ్బ వేయడం విసుగనిపించి నేరుగా డ్రిల్లు పెట్టాను. బిట్ జారి రేకుపై అరచేతి పొడవున గీత పడింది. కంగారులో సరిచేయబోయి రంధ్రాన్ని ఎనిమిది అంకె ఆకారానికి తెచ్చాను. గురువుగారు ఏమీ అనలేదు, ఆ రేకును నా బల్ల ముందు గోడకు తగిలించారు. రంధ్రం గుండ్రంగా ఉంటే అదే కొలత రివెట్టు మళ్లీ పడుతుంది. కోలగా మారితే పెద్ద రివెట్టు వేయాలి, అంటే అసలు వరుస కొలత మారిపోతుంది.

కొత్త రివెట్టు వేసేటప్పుడు కాడ రేకుల బయటికి దాని మందానికి ఒకటిన్నర రెట్లు, అనగా 3.2 మిల్లీమీటర్ల దానికి 4.8 మిల్లీమీటర్లు, పొడుచుకుని ఉండాలి. కొట్టిన తరువాత వెనుక తల వెడల్పు కూడా సుమారు అంతే, ఎత్తు మందంలో సగం. ఎగరని విమానమే కదా అని పాప్ రివెట్లతో కానిచ్చేవారున్నారు. లోపల కనిపించని చోట నేను అభ్యంతరం చెప్పను గాని, నడుమ బొక్క ఉన్న తలలు బయటి వరుసలో కనిపిస్తే చూసేవాడికి అది బాంబరులా కాక బస్సు బాడీలా కనిపిస్తుంది. ఏది మార్చినా దాని లోపలి ముఖంపై తేదీ చెక్కండి. అసలు ముక్కను పారవేయక, సంఖ్య కట్టి భద్రపరచండి.

వచ్చే పాఠానికి ముందు రెండు అభ్యాసాలు చేయాలి. బస్సు, లారీ బాడీలు కట్టే షెడ్డులో తుక్కుగా పడేసిన అల్యూమినియం రేకులు రెండు అడిగి తెచ్చుకుని, కలిపి ఇరవై రివెట్లు వేసి, ఇరవై ఊడదీసి, రంధ్రాలను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఆ రేకు విమానపు రేకు కంటే మెత్తన, బిట్ తొందరగా దిగుతుంది. చేతిని అదుపులో ఉంచుకోండి. రెండవది, మరొక రేకుకు ఒక మామూలు ఇనుప బోల్టు, ఒక అల్యూమినియం రివెట్టు బిగించి, ఇస్కపల్లి రాళ్ల ఉప్పు కరిగించిన నీటిలో తడిపిన గుడ్డ కప్పి, గుడ్డ ఆరనివ్వకుండా మూడు వారాలు ఉంచండి. బోల్టు చుట్టూ, రివెట్టు చుట్టూ తెల్లపొడి ఎంతెంత చేరిందో ఫొటో తీసి రాసిపెట్టుకోండి. నాలుగవ పాఠం ఆ ఫొటోతో మొదలవుతుంది.