జీపీఎస్ మీద మీ పేరు రాశాకే కొండెక్కండి

వానలు తగ్గి దసరా సెలవులు వచ్చాయంటే విశాఖలో ట్రెక్కింగ్ బ్యాగులు అటక మీంచి కిందికి దిగుతాయి. కంబాలకొండ, సింహాచలం కొండల వెనక దారులు, అనంతగిరి, అరకు, చలి ముదిరాక లంబసింగి. చేతిలో పట్టుకుని దారి చూసుకునే జీపీఎస్ మిషన్లు ఎక్కువగా పోయేది కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే. గడ్డి నడుం ఎత్తున ఉంటుంది, గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, నీళ్లు ఇంకా తగ్గవు, నవంబర్‌లో సాయంత్రం ఐదూ ఇరవైకల్లా పొద్దుగూకుతుంది. మే నెలలో ఎండిపోయిన కొండ మీద పడిన వస్తువు పది అడుగుల దూరం నుంచే కనబడుతుంది. అక్టోబర్‌లో కాలి పక్కన పడినా కనబడదు.

పన్నెండేళ్లుగా మొక్కల సర్వేకి కాలేజీ పిల్లల్ని ఈ కొండలకు తీసుకెళ్తున్నాను. మా చేతిలో ఎప్పుడూ ఒక చిన్న జీపీఎస్ ఉంటుంది. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే రోజంతా పనిచేస్తుంది, వానకు భయపడదు, ఏజెన్సీలో టవర్ లేకపోయినా దారి చూపిస్తుంది. అలాంటి మిషన్‌ని నేను ఒకసారి అనంతగిరి దగ్గర పోగొట్టుకున్నాను. అందులో మూడు రోజుల సర్వే ఉంది, నలభైకి పైగా పాయింట్లు, అంటే మిషన్‌లో గుర్తు పెట్టుకున్న చోట్లు. మిషన్ ఖరీదు ఎలాగో సర్దుకోవచ్చు. ఆ మూడు రోజులు పోతే మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఈ జాగ్రత్తలన్నీ ఆ బాధలోంచి నేర్చుకున్నవే.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఫోన్ పోతే రింగ్ ఇస్తాం, మ్యాప్‌లో వెతుకుతాం. ఈ మిషన్‌తో ఆ పని జరగదు. ఇది ఉపగ్రహాల నుంచి సిగ్నల్ అందుకుంటుంది తప్ప తాను ఎక్కడుందో ఎవరికీ చెప్పదు. సిమ్ లేదు, ఫోన్లకు ఉండే ఐఎంఈఐ అనే గుర్తింపు నంబర్ లేదు. కాబట్టి పోయిన ఫోన్ల కోసం 2023లో దేశమంతటికీ తెచ్చిన సీఈఐఆర్ పోర్టల్ దీనికి పనికిరాదు. మెసేజ్‌లు పంపే శాటిలైట్ పరికరాలు వేరే ఉన్నాయి. మన దేశంలో వాటికి ప్రభుత్వ అనుమతి కావాలి. అది లేకుండా విదేశాల నుంచి తెచ్చుకుని ఎయిర్‌పోర్టులో చిక్కుల్లో పడినవాళ్లు ఉన్నారు, ఆ ఆలోచన మానుకోండి. అంటే మామూలు జీపీఎస్ తిరిగి రావడానికి ఉన్నవి రెండే దారులు. మీరు వెనక్కి నడిచి దాన్ని చేరుకోవాలి, లేదా దొరికిన మనిషికి మీ పేరు తెలియాలి.

ముందు రోజు రాత్రి

మిషన్ వెనక స్టిక్కర్ అంటించండి. తెలుగులో రాయండి, పెద్ద అక్షరాలతో: "ఇది దొరికితే దయచేసి ఈ నంబర్లకు ఫోన్ చేయండి." కింద రెండు నంబర్లు. ఒకటి మీది, ఇంకొకటి ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఎత్తేది. మీరు కొండ మీదే ఉంటే మీ ఫోన్ కలవదు కదా. పైన వెడల్పాటి పారదర్శక టేపు వేస్తే సిరా చెరగదు.

తెలుగులో అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, నా మిషన్ దొరికింది పశువులు మేపుకునే ఒక పెద్దాయనకు. నా స్టిక్కర్ ఇంగ్లీషులో ఉంది. ఆయన దాన్ని పది రోజులు ఇంట్లో దూలం మీద భద్రంగా పెట్టి, ఊరి బడిలో మాస్టారు సెలవు నుంచి వచ్చాక చూపించాడు. ఆ మాస్టారు ఫోన్ చేశారు. నేను వెళ్లేసరికి పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, పంచె కొంగులోంచి తీసి, "బాబూ, ఈ మిషను మీదేనేటి? పాడవుద్దేమోనని ఏటీ నొక్కనేదు" అన్నాడు. తెలుగులో రాసి ఉంటే మొదటి రోజే ఎవరో ఒక పిల్లాడు చదివి చెప్పేవాడు. ఆ పది రోజులు నేను పడిన టెన్షన్‌కి కారణం నా బద్ధకమే.

స్టిక్కర్ ఊడినా పేరు ఉండాలంటే మిషన్ లోపల కూడా రాయాలి. గార్మిన్ కంపెనీ మోడళ్లలో చాలావాటిని కంప్యూటర్‌కి కలిపితే, గార్మిన్ ఫోల్డర్‌లో స్టార్టప్ అనే టెక్స్ట్ ఫైల్ కనిపిస్తుంది. అందులో మీ పేరు, నంబర్ రాసి, డిస్‌ప్లే అన్నచోట ఎన్ని సెకన్లు చూపించాలో వేస్తే, ఆన్ చేసిన ప్రతిసారీ అది తెర మీదికి వస్తుంది. పది సెకన్లు పెట్టండి. తెలుగు అక్షరాలు కొన్ని మిషన్లలో సరిగా రావు కాబట్టి ఇక్కడ మాత్రం ఇంగ్లీషు, అంకెలు చాలు. ఆ ఫైల్ లేని మోడల్ అయితే మీ ఫోన్ నంబర్‌నే ఒక వేపాయింట్ (గుర్తు పెట్టుకున్న చోటు) పేరుగా పెట్టి సేవ్ చేయండి.

సీరియల్ నంబర్ సాధారణంగా బ్యాటరీ అరలో ఉంటుంది. సెల్స్ తీసి ఫోటో తీసుకోండి. రేపు ఎవరైనా "మీదే అని ఏంటి గ్యారంటీ?" అంటే మీ చేతిలో ఉండే రుజువు అదే. పాత ట్రాక్‌లు (నడిచిన దారుల రికార్డులు), పాయింట్లు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. సర్వేకి వెళ్లేవాళ్లు రోజూ సాయంత్రం పాయింట్లను నోట్‌బుక్‌లో కూడా ఎక్కించుకోవాలి. ఇది విసుగే. అయినా మానకండి.

చాలా మిషన్లు నల్లగానో ముదురు ఆకుపచ్చగానో ఉంటాయి, తుప్పల్లో పడితే తుప్పల్లోనే కలిసిపోతాయి. బైకులకు అంటించే నారింజ రంగు రేడియం స్టిక్కర్ రెండు వైపులా చిన్న ముక్క వేయండి, టార్చి వెలుగు పడితే మెరుస్తుంది. బెల్టు క్లిప్‌ని మాత్రం నమ్మవద్దు. మొక్క దగ్గర గొంతుక్కూర్చున్నప్పుడు తొడ తగిలి ఊడిపోతుంది, శబ్దం కూడా రాదు. మిషన్‌కి ఉన్న రంధ్రంలోంచి గట్టి తాడు వేసి బ్యాగు పట్టీకి కట్టండి.

ఎక్కడ పోతుంది

దారిలో జారి పడిపోయిందని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో ఎక్కువసార్లు పడిపోదు, మనమే పెట్టి మరిచిపోతాం. ఆన్ చేయగానే సిగ్నల్ రాదు, ఆకాశం బాగా కనబడే రాయి మీద పెట్టి రెండు నిమిషాలు ఆగుతాం. ఈలోగా ఎవరో పిలుస్తారు, టీ ఫ్లాస్కు తీస్తారు, ఫోటో అంటారు. పాయింట్‌ని కచ్చితంగా తీసుకోవాలని అదే చోట చాలాసార్లు కొలిచి సగటు తీసే రీడింగ్ పెట్టినప్పుడు ఇంకాసేపు వదిలేస్తాం. బొర్రా గుహల్లో సిగ్నల్ ఉండదు, బయటికి రాగానే పట్టుకుంటుందని గోడ మీద పెట్టి మొక్కజొన్న పొత్తు బేరం ఆడతారు. సెల్స్ మార్చేటప్పుడు, రెయిన్‌కోటు వేసుకునేటప్పుడు కూడా అంతే. అందుకే మా పిల్లలకు ఒకటే నియమం: మిషన్‌ని రాయి మీద పెట్టినవాళ్లు దాని పక్కనే కూర్చోవాలి, తాడు మణికట్టుకు ఉండాలి. లేచి నడిచే ముందు ఒకరు గట్టిగా "జీపీఎస్?" అని అడగాలి, చేతిలో ఉన్నవాళ్లు ఎత్తి చూపించాలి.

పోయిందని తెలిసిన క్షణం

అక్కడే ఆగండి. ఆ చోటును ఫోన్‌లో సేవ్ చేయండి. తర్వాత ఆఖరిసారి కచ్చితంగా ఎక్కడ చూశారో తేల్చుకోండి. జ్ఞాపకాన్ని నమ్మకండి, అందరి ఫోన్లలో ఫోటోలు తెరవండి. ఏ ఫోటోలో మీ భుజానికి మిషన్ వేలాడుతోంది, ఏ ఫోటోలో లేదు, వాటి టైమ్ ఎంత? వెతకాల్సింది ఆ రెండు ఫోటోల మధ్య దారిలోనే. బృందంలో ఇంకెవరైనా ట్రాక్ రికార్డు చేస్తుంటే దాని మీదే వెనక్కి నడవండి, కూర్చున్న ప్రతి చోటా ఆగి చూడండి.

తర్వాత వెళ్లేవాళ్లకు చోటు చెప్పేటప్పుడు అంకెలు జాగ్రత్త. కైలాసగిరి దగ్గర మిషన్ అక్షాంశాన్ని 17 డిగ్రీల 44.940 నిమిషాలు అని చూపిస్తుంది. దాన్ని హడావిడిగా 17.4494 అని ఫోన్‌లో కొడితే ముప్ఫై కిలోమీటర్లకు పైగా దక్షిణాన బంగాళాఖాతంలో తేలుతుంది. సరైన అంకె 17.7490, అంటే నిమిషాలను అరవైతో భాగించి డిగ్రీలకు కలపాలి.

తుప్పల్లోకి చెయ్యి పెట్టకండి, కర్రతో కదపండి. కంబాలకొండలో పాములే కాదు, చిరుతలూ ఉన్నాయి. సాయంత్రం నాలుగు దాటితే వదిలేసి మర్నాడు రండి. గెడ్డలో పడితే చాలా మోడళ్లు తేలవు, మునుగుతాయి. మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకునేలా చేసినవి చాలానే ఉన్నాయి, అయితే యూఎస్‌బీ మూత సరిగా మూసి ఉండాలి. నీటి ఉరవడి ఉంటే మాత్రం మీరు దిగకండి. మిషన్ ఇంకొకటి కొనుక్కోవచ్చు, మీ ఇంట్లోవాళ్లు మీకోసం చూస్తుంటారు.

మీకే దొరికితే

మొదట మిషన్‌ని కాదు, చుట్టుపక్కల చూడండి. ఇంకా ఆన్‌లోనే ఉంటే దాని మనిషి దగ్గర్లోనే ఉండవచ్చు, జారిపడి ఉండవచ్చు కూడా. గట్టిగా కేక వేయండి, లోయ వైపు చూడండి. బ్యాగు, చెప్పు, నెత్తురు లాంటివి కనబడితే 112కి ఫోన్ చేయండి.

ఎవరూ లేకపోతే దొరికిన చోటును మీ ఫోన్‌లో సేవ్ చేసుకుని ఒకసారి ఆన్ చేయండి, పేరు కనబడవచ్చు. రీసెట్ చేయవద్దు, ఏదీ చెరపవద్దు. తడిసి ఉంటే సెల్స్ తీసేయండి. పాయింట్లలో "హోమ్" అని ఉన్నా నేరుగా వాళ్లింటికి వెళ్లిపోకండి, తెలియని మనిషి గుమ్మంలోకి వస్తే ఎవరైనా బెదురుతారు. అభయారణ్యంలో దొరికితే అటవీ శాఖ సిబ్బందికి, ఊళ్లో అయితే పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రాయించుకోండి. నేవీ కంచె అవతల కనబడితే దూకవద్దు, గేటు దగ్గర చెప్పండి. దొరికినదాన్ని యజమాని కోసం దాచడం తప్పు కాదు. ఎవరిదో తెలిసీ, లేదా తెలుసుకునే వీలుండీ సొంతం చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరం.

గ్రూపుల్లో ఫోటో పెట్టేటప్పుడు సీరియల్ నంబర్, తెర కనబడనివ్వకండి. నాదే అన్నవాళ్లను ఆ నంబర్ గానీ రెండు మూడు పాయింట్ల పేర్లు గానీ అడగండి. సరిపోతే ఇచ్చేయండి, ఎక్కడ దొరికిందో కూడా చెప్పండి.

నా మిషన్ ఇంటికి వచ్చాక కొత్త సెల్స్ వేసి ఆ రోజు ట్రాక్ తెరిచాను. కదలకుండా ఒకేచోట ఉన్న జీపీఎస్ సన్నగా అటూఇటూ జరుగుతున్నట్టు గీతలు గీస్తుంది, చిక్కుపడిన దారం ఉండలా. గెడ్డ దాటాక ఎక్కడో జారిపోయిందని నేను రెండు రోజులు అవతలి ఒడ్డంతా వెతికాను. దారం ఉండ ఇవతలి ఒడ్డున ఉంది, సిగ్నల్ కోసం నేను దాన్ని పెట్టిన బండరాయి దగ్గరే.